సునీల్ వాళ్ళమ్మ వండిన కూరలు

పద్దెనిమిదేళ్ళు నిండిన కుర్రాడికి ఉల్లిపాయలు కొనడం రాదంటే చాలామంది నమ్మరు. మొదట్లో నేనూ నమ్మలేదు. అరకిలో తెమ్మని పంపిస్తే షాపు దాకా వెళ్ళి, ఏమీ అడక్కుండా ఒక పక్కన నిలబడి, షాపతను పలకరిస్తాడేమోనని చూసి, పలకరించకపోయేసరికి ఖాళీ సంచీతో తిరిగొచ్చినవాడిని చూశాను. వాడు మొద్దేం కాదు. ఐటిఐలో మంచి మార్కులు వచ్చినవాడే. వాడు పెరిగిన చోట ఉల్లిపాయలు బస్తాల్లో వచ్చేవి. వంటవాళ్ళు తరిగేవారు. బెల్లు కొడితే కూరై పళ్ళెంలో పడేది. నోరు తెరిచి అడిగి తెచ్చుకోవాల్సిన అవసరం వాడికి ఎప్పుడూ రాలేదు.

యానాంలో మా ఇల్లు అలాంటి కుర్రాళ్ళ కోసం. తల్లీదండ్రీ లేనివాళ్ళు, ఉన్నా పెంచలేక వదిలేసినవాళ్ళు హోముల్లో పెరుగుతారు. పద్దెనిమిది నిండితే హోమ్ బాధ్యత అయిపోతుంది. బట్టల పెట్టె, సర్టిఫికెట్ల కవరు చేతికిచ్చి పంపేస్తారు. ఆ తర్వాత ఒక పనిలో కుదురుకుని, సొంతంగా ఒక గది తీసుకునే దాకా, కొంత గడువు పెట్టి, ఉండడానికి మా ట్రస్టు ఒక అద్దె ఇల్లు నడిపేది. దానికి నేను ఇన్‌ఛార్జిని. పొద్దున వెళ్ళి సాయంత్రం దాకా ఉండేదాన్ని. రాత్రిళ్ళు ఒక పెద్దాయన వాచ్‌మన్‌గా ఉండేవాడు.

ఈ మధ్య నా స్థానంలో చేరబోయే అమ్మాయి మా ఇంటికి వచ్చి, "అక్కడ అసలు పనేంటి మేడమ్?" అని అడిగింది. ఉద్యోగం ఆర్డరులో రాసి ఉండే మాటలే చెప్పి, కాఫీ ఇచ్చి పంపించాను. ఆ అమ్మాయి గేటు దాటాక చెప్పాల్సింది చెప్పలేదనిపించింది. అందుకని కూర్చుని రాస్తున్నాను.

కాగితాల మీద ఉండేది, ఇంట్లో ఉండేది

ట్రస్టు కాగితాల మీద మన పనిని జీవన నైపుణ్యాలు నేర్పడం అంటారు. వంట, బ్యాంకు ఖాతా, ఇంటర్వ్యూకి ఎలా వెళ్ళాలి, ఇలాంటివి. అవన్నీ నేర్పడం కష్టం కాదు. బ్యాంకుకి ఒకసారి వెంట వెళితే రెండోసారి వాళ్ళే వెళ్ళొస్తారు.

కష్టమైనవి కాగితాల మీద ఉండవు. పడుకోవడం వాటిలో ఒకటి. హాల్లో వరసగా చాపలేసుకుని పడుకుని పెరిగినవాడికి ఒక్కడికే ఒక గది ఇస్తే నిద్ర పట్టదు. మా ఇంట్లో విడి మంచాలు, మధ్యలో చెక్క అడ్డాలు పెట్టించారు. పొద్దున వెళ్ళి చూస్తే అందరూ ముందు గదిలో నేలమీద ఒకేచోట పడుకుని ఉండేవారు. ఇంకోటి, వద్దనడం. యానాం పాండిచ్చేరి కింద ఉంది కాబట్టి ఇక్కడ మందు చవక. పక్క జిల్లాల వాళ్ళు వంతెన దాటి మరీ వస్తారు. తోటివాడు రమ్మంటే రానని చెప్పడం ఈ పిల్లలకి చేతకాదు. పది మందితో పాటు లేవడం, పది మందితో పాటు తినడం అలవాటైన ప్రాణం. ఒక్కడే పక్కకి తప్పుకుంటే ఏమవుతుందోనని భయం.

అన్నిటికంటే కష్టమైనది చిన్న ప్రశ్నలకి జవాబు చెప్పడం. మీదే ఊరు? మీ నాన్నేం చేస్తారు? పండక్కి ఎక్కడికెళ్తున్నావు? మనకివి ప్రశ్నలే కావు, పలకరింపులు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు కూడా అడుగుతారు. ఈ పిల్లలకి ప్రతి పలకరింపూ ఒక పరీక్ష. నిజం చెబితే ఎదుటివాళ్ళ మొహం మారిపోతుంది. జాలి పడతారు, లేకపోతే దొంగేమోనని జేబులు తడుముకుంటారు. ఆ రెంటికీ ఈ పిల్లలు చిన్నప్పటి నుంచీ అలవాటు పడ్డారు గానీ, ఉద్యోగం చేసే చోట భరించలేరు. అందుకని ఏదో ఒకటి చెప్పేస్తారు.

సెక్రటరీ గారు

మా ట్రస్టు సెక్రటరీ ఆనందరావు గారు. రిటైరైన లెక్చరర్. ఆయన లేకపోతే ఆ ఇల్లే ఉండేది కాదు. అలాంటి పిల్లలకి ఇల్లు అద్దెకివ్వమని ఓనర్లని ఒప్పించడం ఆయన వల్లే అయ్యింది. పాండిచ్చేరి దాకా వెళ్ళి ఆఫీసర్ల గదుల ముందు కూర్చునేవారు. ఇదంతా ముందు చెప్పాలి. ఎందుకంటే ఆయనతో నేను ఏకీభవించని విషయం ఒకటుంది.

ఆయన పిల్లలందరి చేతా నాన్నగారూ అని పిలిపించుకునేవారు. మనసులో ఏ కల్మషమూ లేదు. ఆ పిలుపు వాళ్ళకి బలమని ఆయన నమ్మకం. నన్ను కూడా అమ్మా అని పిలవమని చెప్పారు. నేను ఒప్పుకోలేదు. మేడమ్ అనే పిలిచేవారు.

ఏసుబాబు అనే కుర్రాడి పెళ్ళికి ఆయనే తండ్రి స్థానంలో నిలబడ్డారు. ఫొటోల్లో సూటు వేసుకుని ఉంటారు. ఆ తర్వాత ఏసుబాబుకి పాప పుట్టింది. ప్రార్థన పెట్టుకుని, మనవరాలిని చూడ్డానికి రమ్మని ఆయనకి ఫోన్ మీద ఫోన్ చేశాడు. అప్పుడాయన గుండె ఆపరేషన్ చేయించుకుని కూతురి దగ్గర ఉన్నారు. రాలేకపోయారు. మామూలు కొడుకైతే తండ్రిని చూడ్డానికి హాస్పిటల్‌కి పరిగెత్తేవాడు. వీడికి అది తట్టలేదు. మళ్ళీ వదిలేశారనుకున్నాడు. అప్పటి నుంచి మా ఎవరి ఫోనూ ఎత్తలేదు. ఆనందరావు గారు చాలా బాధపడ్డారు. కానీ పద్ధతి మార్చుకోలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. చివరి దాకా ఉండలేని బంధుత్వం కలుపుకోకండి. మీరు జీతానికి వచ్చారు. ట్రాన్స్‌ఫర్ అవుతారు, రిటైరవుతారు, మీ పిల్లల పెళ్ళిళ్ళు వస్తాయి. మేడమ్ అయితే వెళ్ళిపోవచ్చు. అమ్మ వెళ్ళిపోకూడదు. ఆ పిల్లలకి అది ఒకసారి జరిగింది, చాలు.

వంటగదిలోకి రానివాడు

ఇప్పుడు సునీల్ సంగతి. వాడిని అడిగే రాస్తున్నాను. పేరు మాత్రం మార్చాను.

సునీల్ మా ఇంటికి వచ్చేసరికి ఎలక్ట్రీషియన్ ఐటిఐ పూర్తి చేశాడు. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. చేతిలో పని ఉన్నంతసేపు హుషారు, పని లేకపోతే ఎక్కడ నిలబడాలో తెలియని మనిషి. మోటార్లు వైండింగ్ చేసే షాపులో పని దొరికింది. చుట్టూ రొయ్యల చెరువులు కదా. నీళ్ళలో గాలి కోసం తిప్పే ఏరేటర్ల మోటార్లు ఎప్పుడూ కాలిపోతూనే ఉంటాయి. ఆ షాపుకి పనికి కరువు లేదు.

మా ఇంట్లో శనివారం సాయంత్రం వంట నేర్పేదాన్ని. ఆనందరావు గారు గోడకి చార్టులు కూడా అంటించారు, ఏ కూరలో ఏ విటమిన్ ఉంటుందో బొమ్మలతో. సునీల్ ఆ పక్కకే వచ్చేవాడు కాదు. బలవంతం చేస్తే అంట్లు తోమి పెట్టేవాడు గానీ పొయ్యి దగ్గరికి రాడు. "మెస్‌లో తింటాను మేడమ్. ఒక్కడికి వంటెందుకు?" అనేవాడు. కొన్నాళ్ళకి నేనూ వదిలేశాను.

షాపులో చేరిన కొత్తల్లో ఒకరోజు సాయంత్రం వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, ఎవరిదైనా గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదా?"

"ఎవరి గిన్నె?"

"ఊరికే అడుగుతున్నాను."

మన ఇళ్ళల్లో ఎవరైనా ఏదైనా వండి గిన్నెలో పంపిస్తే, ఆ గిన్నె కడిగి ఉత్తిది ఇవ్వరని, మనమూ ఏదో ఒకటి వేసి ఇస్తామని, ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా పోసి పంపుతామని చెప్పాను. వాడు చాలా శ్రద్ధగా విన్నాడు. ఇలాంటివి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. పిల్లలు ఇంట్లో చూసి తెలుసుకుంటారు. హోమ్‌లో చూడ్డానికి ఏముంది? అక్కడికి గిన్నెలు రావు, గుండిగలు వస్తాయి.

ఆ శనివారం వాడంతట వాడే వంటగదిలోకి వచ్చి టమాటా పచ్చడి చేయడం చూపించమన్నాడు. తర్వాత వారం వంకాయ. ఆ తర్వాత గోంగూరలో ఎండు రొయ్యలు. కొన్ని నెలలకి చేపల పులుసు పెట్టడం కూడా వచ్చేసింది. నా దగ్గర మొదలుపెట్టినా నా పద్ధతి వదిలేశాడు. వీధి చివర టిఫిన్ బండి ఆవిడ దగ్గర కొంత, ఫోన్లో వీడియోలు చూసి కొంత నేర్చుకున్నాడు. కారం వేయాలంటే భయపడేవాడు. అందుకని వాడి కూరలన్నీ కాస్త చప్పగా, పులుసులో మాత్రం బెల్లం తగులుతూ ఉండేవి. బాగుండేవి.

ఆనందరావు గారు సంతోషపడిపోయారు. బయట ఊళ్ళ నుంచి ఎవరైనా మా ఇల్లు చూడ్డానికి వస్తే సునీల్‌ని పిలిచి చూపించి, "మా చార్టుల పుణ్యం" అనేవారు. ఎవరి పుణ్యమో నాకూ తెలియదు అప్పటికి.

గోంగూర ఒలుస్తూ

అలా చాలాకాలం గడిచింది. వాడు మా ఇంట్లో ఉండాల్సిన గడువు దగ్గర పడుతోంది. బయట గది చూసుకోమని చెప్పడం మొదలుపెట్టాను. ఒకరోజు వెనక వసారాలో ఇద్దరం కూర్చుని గోంగూర ఒలుస్తున్నాం. తలెత్తకుండా, "మేడమ్, నేనొక అబద్ధం చెప్పాను" అన్నాడు.

షాపులో వీరబాబు అని వీడి ఈడు కుర్రాడే ఇంకొకడున్నాడు. ఓనరుకి మేనల్లుడు. యానాంలోనే అడవిపొలం అనే పేటలో ఇల్లు. పనిలో చేరిన మొదటి రోజు మధ్యాహ్నం వీరబాబు క్యారేజీ విప్పుతూ, "మీ అమ్మేం పెట్టిందిరా?" అని అడిగాడట. వీడి దగ్గర క్యారేజీ లేదు.

"ఒంట్లో బాగోలేదు, వండలేదన్నాను మేడమ్. ఆ ఒక్క మాటే అన్నాను."

వీరబాబు వాళ్ళమ్మ పేరు భూలక్ష్మి. భర్త పోయాడు. కూతురికి పెళ్ళి చేసి పంపేసింది. కొడుకు ఇంటికెళ్ళి చెప్పగానే ఆవిడ మర్నాడు సునీల్‌కి ఒక క్యారేజీ, ఒంట్లో బాగోలేని వాళ్ళమ్మకి ఇంకో డబ్బాలో చారూ అన్నమూ పంపించింది. వీడు రెండూ తినేసి, డబ్బా శుభ్రంగా తోమి తిరిగిచ్చాడు. వీరబాబు నవ్వాడట. "మీ ఇంట్లో ఖాళీ డబ్బాలు ఇచ్చేత్తారేంట్రా?"

వీడికి వంట నేర్పింది ఆ నవ్వు. డబ్బాలో పచ్చడి పెట్టి ఇచ్చి, "మా అమ్మ పంపింది" అన్నాడు. భూలక్ష్మికి నచ్చింది. మళ్ళీ ఏదో పంపింది. మళ్ళీ వీడు వండాడు. ఇక ఆగలేదు.

డబ్బాతో పాటు ప్రశ్నలు కూడా వచ్చేవి. మీ అమ్మ కారం తక్కువేస్తదేంటి? కడుపులో మంట అండి. బెల్లమేస్తది, ఏ ఊరావిడ? పాలకొల్లు అండి. ఎప్పుడూ బయట కనపడదేంటి? మోకాళ్ళ నొప్పులండి. మోకాళ్ళ నొప్పులనగానే భూలక్ష్మి నూనె కాచి సీసాలో పోసి పంపించింది. అలా అలా సునీల్‌కి ఒక తల్లి తయారయ్యింది. పాలకొల్లులో పుట్టింది, కారం పడదు, మోకాళ్ళు నొప్పి, కొడుకుని బాగా చదివించుకుంది, ఎవరింటికీ వెళ్ళదు గానీ మంచి మనిషి.

"ఇప్పుడేమైంది మరి?" అన్నాను.

"వాళ్ళ వెనక పోర్షన్ ఖాళీ అయిందంట మేడమ్. మీ అమ్మని తీసుకుని వచ్చేయండి, ఇక్కడే ఉందురుగాని అన్నారు ఆంటీ. ఆదివారం అమ్మని చూడ్డానికి వస్తానన్నారు."

వాడి పరిస్థితి నాకు అర్థమైంది. గది కావాలి. గది ఎదురుగా ఉంది. ఉద్యోగం ఆ కుటుంబం వాళ్ళ షాపులోనే. వాడికున్న ఒకే ఒక స్నేహితుడు ఆ ఇంటి కుర్రాడే. మూడూ ఆ లేని మనిషి మీద ఆధారపడి ఉన్నాయి.

ఒక్క గంట

కాడలు పక్కన పడేసి అడిగాడు.

"మేడమ్, ఆదివారం ఒక్క గంట మీరు మా అమ్మలా ఉంటారా?"

"ఉండను."

"ఒక్క గంటే."

"రెండో గంట నుంచి ఎవరుంటారు? ఆవిడ పక్కింట్లో ఉంటుంది. రోజూ పలకరిస్తుంది."

వాడికీ తెలుసు. "అయితే చచ్చిపోయిందని చెప్పేస్తాను" అన్నాడు.

నేను గోంగూర బుట్టలో వేస్తూ కూర్చున్నాను. ఇలాంటప్పుడు మనం మాట్లాడకపోవడమే మంచిది. వాడే మళ్ళీ అన్నాడు. "అలా అనలేను మేడమ్. నిన్ననే ఆంటీ అడిగారు, మీ అమ్మకి నూనె పనిచేసిందా అని. చేసిందని చెప్పాను. సంతోషపడ్డారు. ఇప్పుడు పోయిందని ఎలా చెప్పను? నాకే అదోలా ఉంది."

ఆ మాటతో నాకు తెలిసింది, వాడు భయం వల్ల మాత్రమే ఇది నడపలేదని. ఇన్నాళ్ళుగా వాడికి ఆ మనిషి అలవాటైపోయింది.

ఆనందరావు గారికి చెప్పాను. చెప్పక తప్పదు, ఇంటి బాధ్యత ఆయనది. ఆయన విని ఏమాత్రం కోప్పడలేదు. "దానిదేముందమ్మా, మా మిసెస్‌ని పంపిస్తాను. ఆవిడదీ పాలకొల్లు వైపే" అన్నారు. ఆయన నిజంగానే అన్నారు.

"తర్వాత ఏం చేస్తారు సార్?"

"తర్వాత పాలకొల్లు వెళ్ళిపోయిందని చెబుదాం. కుర్రాడికి గది దొరుకుతుంది. ఎవరికేం నష్టం?"

"వీడు జీవితాంతం మీ మిసెస్ గారి గురించి అబద్ధాలు చెప్పుకుంటూ ఆ ఇంట్లో ఉండాలి. ఏదో ఒకరోజు ఎవరో ఒకరు చెబుతారు. యానాం ఎంతని సార్?"

"నిజం చెబితే గది పోతుంది. ఉద్యోగమూ పోవచ్చు. నువ్వు ఇప్పిస్తావా?"

ఆయన అడిగిన దాంట్లో తప్పు లేదు. నేను ఇప్పించలేను. కానీ ఒప్పుకోలేదు. నా లెక్క ఇది. తన గతం చెప్పాలా వద్దా అన్నది ఆ కుర్రాడి ఇష్టం. చెప్పమని మనం బలవంతం చేయకూడదు. దాచుకుంటే తప్పు పట్టకూడదు. కానీ దాచడానికి మనం తల్లినో తండ్రినో సరఫరా చేయకూడదు. చివరికి ఆనందరావు గారు, "నీ మొండితనానికి వాడు బలవుతాడు" అని లేచి వెళ్ళిపోయారు.

శనివారం సునీల్ నా దగ్గరికి వచ్చాడు. "ఆంటీ రేపు ఇక్కడికి రాకముందే నేనే ఇవాళ వెళ్ళి చెప్పేస్తాను. మీరు వెంట రండి. మీరేం మాట్లాడొద్దు" అన్నాడు.

అడవిపొలంలో

ఆటోలో వెళ్ళాం. దారిలో వాడు రెండుసార్లు ఆటో ఆపించి, దిగకుండానే మళ్ళీ పోనిమ్మన్నాడు.

భూలక్ష్మి వాకిట్లో బియ్యం చెరుగుతోంది. వీరబాబు బండి కడుగుతున్నాడు. మమ్మల్ని చూడగానే ఆవిడ చేట పక్కన పెట్టి లేచి ఎదురొచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది.

"రండి వదినగారూ. ఇన్నాళ్ళకి గుమ్మం దాటారు. నేనే రేపొద్దామనుకుంటన్నాను. ఆటో దిగి నడిచేత్తన్నారే, నూనె బానే పనిచేసినట్టుంది."

ఇలా జరుగుతుందని మేమిద్దరం అనుకోలేదు. నేను సునీల్ వంక చూశాను. వాడు నేల చూపులు చూస్తున్నాడు. మాట్లాడొద్దని నాకు చెప్పాడు. అవునని గానీ కాదని గానీ అనకుండా, ఆవిడ వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. మంచినీళ్ళు తెచ్చింది. కాసేపట్లో టీ తెచ్చింది. వెనక పోర్షన్ తాళం తీసి చూపించింది. గదికి సున్నం కొత్తగా వేయించింది. "మీకు మెట్లు పడవని గుమ్మం ముందు వాలుగా ఒక రాతి పలక వేయించేను" అంది.

నేను ఆ పలకని చూశాను. ఆ కాసేపూ చాలా ఇబ్బందిగా గడిచింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళలో నాకు అంతకంటే కష్టంగా అనిపించిన సందర్భం ఇంకోటి లేదు. ఒక్కసారి తలూపితే చాలు, గది ఖాయం. నేను తలూపలేదు. అలాగని నోరు విప్పి వాడి పని నేను చేయనూ లేదు.

మళ్ళీ ముందుకొచ్చి కూర్చున్నాక ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఎప్పట్నుంచో అడగాలనుకుంటన్నానండి. ఆ చేపల పులుసులో ఏదో వేత్తారు మీరు. కమ్మగా వాసనొత్తది. మా వీరబాబు నన్ను చంపేత్తన్నాడు, అలా పెట్టమని. ఏమేత్తారు వదినగారూ?"

నాకు తెలియదు. నిజంగానే తెలియదు. అది నేను నేర్పిన పులుసు కాదు.

"మెంతులండి" అన్నాడు సునీల్. "దోరగా వేయించి, పొడి కొట్టి, దింపే ముందు వేస్తాను."

"మీ అమ్మని అడుగుతన్నానయ్యా."

"నేనే వేస్తానండి. ఇవన్నీ నేనే వండాను." ఆగకుండా చెప్పేశాడు. "ఈవిడ మా అమ్మ కాదు. మేముండే ఇంటికి మేడమ్. నేను హోమ్‌లో పెరిగాను ఆంటీ. మా అమ్మ నాతో లేదు. మొదటి రోజు నోట్లోంచి వచ్చేసింది, తర్వాత ఆపలేకపోయాను."

వీరబాబు చేతిలో పైపు నీళ్ళు అలా కారుతూనే ఉన్నాయి.

భూలక్ష్మి నా వైపు చూసింది. తర్వాత వాడి వైపు చూసింది. "మరి నూనె?" అంది.

"మా వాచ్‌మన్ తాతకి ఇచ్చానండి. ఆయనకి నిజంగానే మోకాళ్ళ నొప్పులు."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ పమిట చెంగుతో మొహం తుడుచుకుంది. "ఆవిడ మోకాళ్ళకని అమ్మవారికి మొక్కుకున్నాను" అంది. కోపంగా అనలేదు. తనలో తాను అనుకున్నట్టు అంది. "మా ఆయన పోయాక ఈ ఇంట్లో మాట్టాడే మనిషి లేదు. పొయ్యి దగ్గర కూకుంటే ఆవిడే గుర్తొచ్చేది. ఇది పెడితే ఆవిడకి పడుద్దా, పడదా అని. పక్కకొచ్చేత్తే ఇద్దరం కలిసి ఉంటాం కదా అనుకున్నాను." లేచి చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వేయలేదు. కానీ మళ్ళీ బయటికి రాలేదు.

వీరబాబు పైపు కట్టేశాడు. "నాకైనా చెప్పొచ్చు కదరా" అని, తడి బండి మీదే ఎక్కి వెళ్ళిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో సునీల్ బయటికి చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు, "నా గురించి బాధ పడతారేమో అనుకున్నాను మేడమ్. ఆవిడ మా అమ్మ గురించి బాధ పడ్డారు" అన్నాడు.

ఆ తర్వాత

నిజం చెప్పగానే అన్నీ చక్కబడతాయని ఎవరికీ చెప్పకండి. చక్కబడలేదు. వీరబాబు వెళ్ళి షాపులో అందరికీ చెప్పేశాడు. ఓనరు మాత్రం, "వైండింగ్ బాగా చేస్తాడు, వాళ్ళమ్మతో నాకేం పని" అని ఊరుకున్నాడు. పనివాళ్ళు కొన్నాళ్ళు, "ఇవాళ మీ అమ్మేం వండిందిరా" అని ఏడిపించారు. వీడు తలొంచుకుని పనిచేసుకున్నాడు. శనివారాలు వంటగదిలోకి రావడం మానేశాడు.

గది కోసం తిరిగాం. మీవాళ్ళెవరని అడిగిన ప్రతిచోటా వాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కొందరు ఆలోచించుకుని చెబుతామన్నారు, చెప్పలేదు. దరియాలతిప్పలో ఒకాయన ఇస్తాననైతే అన్నాడు గానీ ఆ గదికి కిటికీ లేదు. ఆనందరావు గారు నాతో ముక్తసరిగా మాట్లాడేవారు. ఆ రోజుల్లో చూస్తే ఆయన మాటే నెగ్గినట్టు ఉంది. ఆ సంగతి ఒప్పుకోవాలి.

వర్షాలు మొదలయ్యాక ఒక సాయంత్రం, నేను ఇంటికి బయల్దేరబోతుంటే భూలక్ష్మి వచ్చింది. ఒక్కతే వచ్చింది. గొడుగు గుమ్మంలో పెట్టి, ఎవరూ చెప్పకుండానే వంటగది వెతుక్కుంటూ లోపలికి నడిచింది. పొయ్యి చూసింది. డబ్బాల మూతలు తీసి చూసింది. గోడ మీద విటమిన్ల చార్టు చూసింది.

"ఇక్కడేనా వండేవోడు?"

"ఇక్కడే."

"వాళ్ళమ్మ నిజంగా ఉందా, లేదా?"

నాకు తెలుసు. ఫైల్లో ఉంది. "అది వాడినే అడగాలండి" అన్నాను.

"అడిగితే చెప్తాడా?"

"ఇదివరకైతే చెప్పేవాడు కాదు. ఇప్పుడు చెబుతాడనుకుంటాను."

ఆవిడ వంటగదిలోనే పీట వాల్చుకుని కూర్చుంది. కాసేపటికి సునీల్ పని నుంచి వచ్చాడు. ఆవిడని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "కాళ్ళు కడుక్కుని రా. తడిసిపోయేవు" అంది ఆవిడ. నేను బ్యాగు తీసుకుని వెళ్ళిపోయాను. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తర్వాత కూడా అడగలేదు. మన పనిలో ఎప్పుడు ఉండాలో అందరూ చెబుతారు. ఎప్పుడు లేచి వెళ్ళిపోవాలో ఎవరూ చెప్పరు. ఆ రోజు నేను సరైన సమయానికే లేచాననుకుంటాను.

గడువు పూర్తయ్యాక సునీల్ ఆ వెనక పోర్షన్‌లోకే మారాడు. అందరిలాగే అద్దె కడుతున్నాడు. వీరబాబు మాట కలపడానికి ఇంకొంత కాలం పట్టింది. కానీ షాపులో పెద్ద మోటారు ఎత్తాలంటే ఇద్దరూ చెరో పక్కా పట్టుకోవాలి. ఎన్నాళ్ళని మాట్లాడకుండా ఎత్తుతారు? ఆనందరావు గారికి గది సంగతి చెబితే, "మంచిదమ్మా" అన్నారు. అంతకు మించి మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. నా రిటైర్మెంటు మీటింగులో మాత్రం నన్ను మొండి మనిషి అని అందరి ముందూ అన్నారు. మెచ్చుకుంటూనే అన్నారనుకుంటున్నాను.

నేను రిటైరయ్యాక ఒక ఆదివారం సునీల్ మా ఇంటికి వచ్చాడు. కుర్చీలో కూర్చోక ముందే మొదలుపెట్టాడు.

"ఆవిడతో నావల్ల కాట్లేదు మేడమ్. లైటు తియ్యలేదంటారు. బట్టలు అక్కడెందుకు ఆరేశావంటారు. తొమ్మిదింటికల్లా ఎక్కడున్నావని ఫోను. నిన్న గట్టిగా అనేశాను, నేనేం చిన్నపిల్లాడినా అని. ఆవిడా గట్టిగానే అన్నారు. రాత్రి అన్నం కూడా తినలేదు నేను. వచ్చే నెల వేరే గది చూసుకుంటాను."

వాడు చాలాసేపు చెప్పాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టి మరీ ఆవిడ తప్పులన్నీ చెప్పాడు. నేను మధ్యలో ఆపలేదు. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ, అంతకు ముందు హోమ్‌లో ఉన్నన్నాళ్ళూ వాడు ఎవరి మీదా ఒక్క ఫిర్యాదు చేసినట్టు ఏ ఫైల్లోనూ లేదు. అన్నం పెట్టే చోట కోపం వచ్చినా నోరెత్తడం ఈ పిల్లలకి తెలియదు.

భోజనం చేసి వెళ్ళమన్నాను. ఫోన్ తీసి టైము చూసుకున్నాడు.

"లేదు మేడమ్. వెళ్ళకపోతే ఆవిడ కూడా తినకుండా కూర్చుంటారు" అని బండి తాళం తీసుకున్నాడు.